రాణి వాళ్ల అమ్మ

నేను అరిజోనాలో, చాండ్లర్‌లోని ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి పాపకు నాలుగేళ్లు. వాళ్ల అమ్మ పోయి అప్పటికి ఏడాదిన్నర. నాకు ముప్పై నాలుగేళ్లు, మొదటి పెళ్లి. మా ఆయనకు రెండోది. ఆ ఇల్లు వాళ్లిద్దరూ ఇష్టపడి కొనుక్కున్నది. గోడల రంగు ఆమె ఎంచుకున్నదే, పెరట్లో నిమ్మచెట్టు ఆమె నాటించిందే. వంటింట్లో పప్పుల డబ్బాల మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో అంటించిన చీటీలూ ఆమెవే. మొదటి నెలలోనే ఆ డబ్బాలన్నీ వేడినీళ్లలో నానబెట్టి చీటీలు ఊడదీశాను. జిగురు మాత్రం చాలా రోజుల దాకా వేలికి తగులుతూనే ఉండేది.

ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. నేను రాకముందే మా ఆయన అన్నీ తీసి ఒక పెద్ద సూట్‌కేసులో సర్దేశాడు. పెళ్లి ఆల్బం, ఆమె ఫోను, తన ఫోన్లోవి కూడా తుడిచేసి ఫోటోలూ వీడియోలూ అన్నీ ఎక్కించిన హార్డ్ డిస్కు, రెండు చీరలు. ఆ సూట్‌కేసును గరాజ్‌లో పై అర మీద పెట్టాడు.

"పాపకి ఏమీ గుర్తులేదు. మనం గుర్తుచేయకపోతేనే మంచిది" అన్నాడు నాతో.

నాకు హాయిగా అనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే. పాప వారం తిరక్కుండానే నన్ను అమ్మా అని పిలిచింది. నేను పలికాను. ఆ పిలుపు ఇంకొకరిదని ఎవరూ అనలేదు.

అరిజోనా వేసవి తెలిసినవాళ్లకు గరాజ్ సంగతి చెప్పక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అందులో కొవ్వొత్తి పెడితే వంగిపోతుంది. నేను వచ్చిన రెండో వేసవిలో ఒకరోజు మా ఆయన అడిగాడు.

"ఆ సూట్‌కేస్ లోపల పెడదామా? ఎండకి పాడవుతాయేమో."

"బట్టల క్లాజెట్‌లో చోటెక్కడుందండీ? తర్వాత చూద్దాం" అన్నాను.

చోటు ఉంది. ఆయనకూ తెలుసు. మళ్లీ అడగలేదు.

పాప ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. చరిత్రలోంచి ఒక మనిషిని ఎంచుకుని, ఆ మనిషి గురించి చదివి, ఆ వేషం వేసుకుని బొమ్మలా కదలకుండా నిలబడాలి. చేతికి ఎర్రకాగితంతో చేసిన ఒక బటన్ అంటించుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు దాన్ని నొక్కితే బొమ్మకు ప్రాణం వచ్చి తన కథ చెబుతుంది. అయిపోగానే మళ్లీ బొమ్మ అయిపోతుంది.

తోటిపిల్లలు వ్యోమగాముల్నీ, ఆటగాళ్లనీ, శాస్త్రవేత్తల్నీ తీసుకున్నారు. మా పాప ఇంగ్లండు రాణిని తీసుకుంది. నాలుగు వందల ఏళ్ల కిందట నలభై నాలుగేళ్లు రాజ్యమేలి, పెళ్లే చేసుకోకుండా ఉండిపోయిన రాణి. ఎర్రజుట్టు, తెల్లటి ముఖం, మెడచుట్టూ పువ్వులా విచ్చుకున్న పెద్ద కాలర్. ఆ గౌను మోజుతో ఎంచుకుందేమో అనుకున్నాను. నా పట్టు పరికిణీ ఒకటి దులిపి తీశాను. కాలర్ కోసం కాఫీ ఫిల్టర్లు కొనుక్కొచ్చి ఇద్దరం ఆదివారమంతా మడతలు పెట్టి, దారంతో గుచ్చాం. చాలా సంతోషంగా గడిచిన రోజు అది.

ఆ మర్నాడు రాత్రి భోజనాల దగ్గర పాప అంది.

"నాన్నా, డు యు నో? ఆ క్వీన్ వాళ్ల డాడీ వాళ్ల మమ్మీని చంపించేశాడు. కత్తితో. అప్పుడు తనకి టూ ఇయర్స్ ఎయిట్ మంత్స్. లెవెన్ డేస్ తర్వాత హి గాట్ మ్యారీడ్ అగెయిన్."

"తింటూ ఆ మాటలెందుకు?" అన్నాను నేను.

పాప నా వైపు చూడలేదు. "నాన్నా, అమ్మ చనిపోయినప్పుడు నాకెంత?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అమ్మ అంటే నేను కదా, ఇక్కడే కూర్చున్నాను కదా అనుకున్నాను. ఆ ఇంట్లో ఆ మాట నన్ను దాటి ఇంకొకరి మీద వాలడం అదే మొదటిసారి.

"టూ అండ్ ఎ హాఫ్" అన్నాడు మా ఆయన. సగం తిన్న కంచం తీసుకుని లేచి వెళ్లిపోయాడు. సింకులో కుళాయి చాలాసేపు పారింది.

పాప మళ్లీ ఏమీ అడగలేదు. నేను మాత్రం మర్నాడు, ప్రాజెక్టు కోసం పాప తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకాన్ని నా వెంట పట్టుకుపోయాను. నేను కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను. లంచ్‌లో కెఫెటేరియాలో కూర్చుని చదివాను. నాకు కావలసినది సవతి తల్లుల సంగతి. ఆ రాణికి నలుగురు సవతి తల్లులు. చివరామె మంచిది. పిల్లను దగ్గరకు తీసింది, చదువు చెప్పించింది. పదకొండేళ్లప్పుడు ఆ పిల్ల ఒక పెద్ద కవితను సొంతంగా అనువదించి, తన చేత్తో రాసి, అట్ట మీద ఆ సవతి తల్లి పేరులోని అక్షరాలు కుట్టి కానుకగా ఇచ్చిందట. పదకొండేళ్లు. మా పాప వయసే. అది చదివి నా ఛాతీ పొంగింది. తర్వాతి పేజీలు చదివాక చల్లబడింది. తండ్రి పోయాక ఆ సవతి తల్లి ఇంకో పెళ్లి చేసుకుంది. ఆ కొత్త భర్త వల్ల ఆ ఇంట్లో పిల్లకు రక్షణ లేకుండా పోయింది. చివరకు పిల్లనే ఇంట్లోంచి పంపించేసింది. కొన్ని నెలలకే కాన్పై చనిపోయింది.

పుస్తకం మూసి బ్యాగులో పెట్టేశాను. మంచి మనిషే, అయినా పిల్లనే పంపించేసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గరాజ్ తలుపు తోసుకుని ఇంట్లోకి అడుగుపెట్టాను. లైట్లు వేయలేదు. కిటికీ పరదాల సందుల్లోంచి ఎర్రటి వెలుగు వస్తోంది. నడవా చివర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తెల్లటి ముఖం, పట్టు పరికిణీ, విప్పిన కళ్లు. కదలడం లేదు. నన్నే చూస్తోంది.

పాప వాళ్ల అమ్మ ముఖం నేను అంతకుముందు చూసింది ఒక్కసారే, పెళ్లికి ముందు, నా స్నేహితురాలొకామె ఫోన్‌లో. ఆ వెడల్పాటి నుదురు, పైకి తిరిగిన కనుబొమలు నాకు అప్పుడే గుర్తుండిపోయాయి. ఇప్పుడు అవే నా ఎదురుగా ఉన్నాయి. నా నోట్లోంచి ఏం అరుపు వచ్చిందో తెలియదు. లంచ్ బ్యాగు కింద పడి డబ్బా దొర్లింది.

"పాపా?" అన్నాను. "పాపా, నువ్వేనా?"

రెప్ప కూడా వేయలేదు. అప్పుడు కనిపించింది చేతి మీద ఎర్రకాగితం. నొక్కాను.

"నేను ఇంగ్లండు రాణిని" అని మొదలుపెట్టింది పాప, స్కూల్లో చెప్పాల్సిన ఇంగ్లీషులో. "నాకు మూడేళ్లు నిండకముందే మా అమ్మను చంపేశారు. ఆ తర్వాత ఆమె పేరు ఎత్తడానికి అందరూ భయపడ్డారు. మా అక్క రాణి అయ్యాక, మా అమ్మ చనిపోయిన కోటలోనే నన్నూ బంధించింది. నేను బతికి బయటపడ్డాను. ఇరవై అయిదేళ్లకు రాణినయ్యాను. నేను ఎప్పుడూ మా అమ్మ గురించి పైకి మాట్లాడలేదు. కానీ నా వేలికి ఒక ఉంగరం ఉండేది. అది తెరిస్తే లోపల రెండు బొమ్మలు. ఒకటి నాది. ఇంకొకటి ఆమెది అంటారు."

అక్కడికి ఆపి మళ్లీ బొమ్మ అయిపోయింది. కాసేపటికి తనే నవ్వేసి, "స్కేర్ అయ్యావా అమ్మా?" అంటూ వచ్చి వాటేసుకుంది. ముఖానికి పూసుకున్నది బేబీ పౌడర్, లోషను. నా మెడ నిండా అంటుకుంది. మా ప్లాంటులో పౌడరు రవ్వ లోపలికి పోకూడదు. మర్నాడు ఒళ్లంతా కప్పే తెల్ల సూటు వేసుకునే ముందు మెడ మూడుసార్లు కడుక్కున్నాను, అయినా పోలేదేమోనన్న అనుమానంతోనే రోజంతా పనిచేశాను.

ఆ శనివారం పొద్దున పాప సిల్వర్ ఫాయిల్‌తో ఉంగరం చేసుకుంది. కందిబద్దంత మూత, తెరుచుకునేట్టు. అది తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇందులో రెండు ఫోటోస్ కావాలి. ఒకటి నాది. ఇంకోటి తనది."

"రాణి వాళ్ల అమ్మదా? ప్రింట్ తీద్దాం."

"కాదు అమ్మా. మా అమ్మది."

నేను తల ఊపాను. పాప ఇంకో మాట అడిగింది. "ఆ క్వీన్ చనిపోయేటప్పుడు బెడ్ మీద పడుకోనందట. గంటలు గంటలు నిలబడే ఉందట. పడుకుంటే ఇంక లేవను అని. మా అమ్మ పడుకుని చనిపోయిందా?"

"నాకు తెలీదమ్మా" అన్నాను. నిజంగానే తెలియదు. మెదడులో రక్తనాళం చిట్లిందని మాత్రమే మా ఆయన చెప్పాడు. ఎక్కడ, ఎలా అని ఏడేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

మా ఆయన కొట్టుకు వెళ్లాడు. నేను గరాజ్‌లోకి వెళ్లి, నిచ్చెన వేసుకుని సూట్‌కేసు దింపాను. జిప్పు తియ్యగానే కరిగిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఆల్బం పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మెల్లగా లాగితే ఫోటో మీది రంగు ప్లాస్టిక్ కాగితానికి వచ్చేసింది. ఒక ఫోటోలో పట్టుచీర అంచు, గాజుల చేయి ఉన్నాయి, ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఇంకోదాంట్లో పాపను ఎత్తుకుని ఎవరో ఉన్నారు. పాప ఉంది. ఎత్తుకున్న మనిషికి మెడ పైన ఏమీ లేదు. ఫోను బ్యాటరీ ఉబ్బి అద్దం పగిలిపోయింది. హార్డ్ డిస్కును లాప్‌టాప్‌కు తగిలిస్తే రెండుసార్లు టక్కుమని ఊరుకుంది.

నేల మీద కూలబడ్డాను. ఏడు వేసవులు. ఒక్కొక్క వేసవిలోనూ ఆ అర కిందనుంచే కారు తీశాను, పెట్టాను.

మా ఆయన వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. ఆయన పేజీలు తిప్పి చూశాడు. నేను చెప్పాను, "చోటుందండీ. ఆ రోజు క్లాజెట్‌లో చోటుంది."

"తెలుసు" అన్నాడు. "నేనూ అడగడం మానేశాను కదా." ఆ తర్వాత ఫోను తీసి ఒక నంబరు చూపించాడు. "తన ఫ్రెండ్. కాలిఫోర్నియా, ఫ్రీమాంట్‌లో ఉంటుంది. ఇద్దరూ వరంగల్‌లో ఒకే కాలేజీ. నేనైతే చెయ్యలేను."

ఆ స్నేహితురాలి గురించి వినడమే గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. మా పెళ్లయ్యాక ఆమె ఫోన్లు వస్తే మా ఆయన ఎత్తడం మానేశాడు. పెరట్లోకి వెళ్లి చేశాను. నేనెవరో చెప్పాను.

"ఏడేండ్లు" అంది ఆమె. "ఏడేండ్లల్ల ఒక్క ఫోన్ లేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు మొదటి స్నానం నేనే పోసిన, ఎరుకేనా మీకు?"

"తెలీదండీ."

"ఇప్పుడేం కావాలె?"

"ఆమె ఫోటోలు. పాప అడిగింది."

"మీ ఇంట్ల లేవా?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. చెప్పలేదు. గరాజ్ సంగతి, క్లాజెట్ సంగతి మొత్తం చెప్పాను.

"ఆ రోజు మీ సింక్ కాడ నిలబడి ఉండె" అంది ఉన్నట్టుండి. "గిన్నెలు కడుక్కుంట నాతోని స్పీకర్ ఫోన్ల మాట్లాడుతున్నది. తల నొస్తున్నది అన్నది. తర్వాత గిన్నె పడ్డ చప్పుడు. గంతే. నేను ఇక్కడికెళ్లి పేరు పెట్టి పిలుస్తనే ఉన్న. పిల్ల ఏడుపు వినొస్తున్నది." కొంచెం ఆగి, "నీళ్లు పోతనే ఉండె" అంది. ఫోన్ పెట్టేసింది.

నేను రోజుకు నాలుగుసార్లు నిలబడే చోటు అది. ఆ సాయంత్రం గిన్నెలు అలాగే వదిలేశాను.

రెండు రోజులకు ఆమె దగ్గర నుంచి నలభై ఫోటోలు, ఒక వీడియో వచ్చాయి. మాట ఒక్కటీ లేదు. వీడియోలో మా వంటిల్లే. వాళ్ల అమ్మ పాపను చంకనేసుకుని గుజ్జన్నం పెడుతోంది. "ఇగో, ఇటు చూడు బిడ్డా. ఆ అను. మంచిగున్నదా? ఎట్ల చూస్తున్నదో చూడు దొంగ" అని నవ్వింది. నేను గట్టుకు ఆనుకుని చూస్తున్నాను. ఆమె ఆనుకున్నదీ ఆ గట్టుకే. నవ్వు ఫోన్‌లోంచి వస్తోందో, నా వెనకనుంచి వస్తోందో తెలియక ఒకసారి తిరిగి చూశాను.

సోఫాలో కూర్చోబెట్టి పాపకు చూపించాను. కదలకుండా మూడుసార్లు చూసింది.

"బిడ్డా అంటే బేబీయా?"

"కూతురా అని. వాళ్ల వైపు అలా పిలుస్తారు."

అప్పుడే సూట్‌కేసు సంగతి కూడా చెప్పేశాను. చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని భయం వేసింది.

"వై?" అంది.

"ఇంట్లో ఎక్కడ చూసినా ఆమే ఉన్నట్టనిపించేది. నాకు భయంగా ఉండేది."

"బట్ షి వాజ్ ఆల్రెడీ డెడ్, అమ్మా."

"అవును."

ఫోను పట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నది, హోంవర్క్ చేసుకుంది, నేను అడిగినదానికి తల ఊపింది. మూడో రోజు స్కూలు నుంచి తీసుకొస్తుంటే, కారులో, కిటికీలోంచి బయటకు చూస్తూ అంది.

"క్వీన్ తన కజిన్‌ని చంపమని పేపర్ మీద సైన్ చేసింది. తర్వాత చాలా ఏడ్చిందట. అందరి మీదా అరిచిందట, ఆ పేపర్ నేను పంపించమనలేదు అని." కాస్త ఆగింది. "బట్ షి సైన్డ్ ఇట్."

"అవును" అన్నాను. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. పచ్చదీపం పడ్డా నేను కదల్లేదు. వెనక కారు హారన్ కొడితే కదిలాను.

స్కూల్లో ప్రదర్శన రోజు మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాడు. భోజనాల హాలంతా గోడల వెంట పిల్లలు బొమ్మల్లా నిలబడి ఉన్నారు. మా పాప చివరి కిటికీ దగ్గర ఉంది. కాఫీ ఫిల్టర్ల కాలర్, తెల్లటి ముఖం. ముందు నేను నొక్కాను. చెప్పింది, ఇంట్లో చెప్పినట్టే. చివర్లో చిటికెన వేలితో ఉంగరం మూత తెరిచింది. లోపల ఇద్దరు. చూడాలంటే బాగా వంగాలి.

తర్వాత మా ఆయన నొక్కాడు. మొత్తం విన్నాడు. వంగి ఉంగరంలోకి చూశాడు. లేవలేదు. పాప మూత వేసి మళ్లీ బొమ్మ అయింది. ఆయన మళ్లీ నొక్కాడు. పాప మొదటినుంచి మొదలుపెట్టింది, ఒక్క ముక్క వదలకుండా. వెనక ఇద్దరు తల్లులు, ఒక తాతగారు వేచి ఉన్నారు. ఆయన మూడోసారి నొక్కాడు. ఆట నియమం ప్రకారం పాప ముఖంలో ఏ కదలికా ఉండకూడదు. లేదు కూడా. పౌడరు మీద మాత్రం రెండు చారలు దిగాయి.

వరసలో ఉన్నవాళ్లకు నేనే సారీ చెప్పాను. వాళ్లు పర్లేదన్నారు.

జూన్‌లో స్కూలు అయిపోయాక పాప ఫ్రీమాంట్ వెళ్లింది. ఆ ఆంటీయే ఫోన్ చేసి పంపమంది, నాతో కాదు, మా ఆయనతో. పది రోజులు. అక్కడ ఏమేం చెప్పిందో, పాప ఏమేం అడిగిందో నేను అడగలేదు. ఇంట్లో మాత్రం హాల్లో ఒక ఫోటో పెట్టాం. నేనే ఫ్రేము కట్టించాను. దానికి ఎదురుగా కూర్చుని కాఫీ తాగడం నాకు ఇంకా చేతకాదు. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంటాను.

ఎయిర్‌పోర్టుకు మా ఆయన వెళ్లాడు. నేను పొయ్యి దగ్గర పప్పు పోపు పెడుతున్నాను. వెనకనుంచి వినిపించింది.

"ఏం చేస్తున్నవ్ అమ్మా? మస్తు ఆకలైతున్నది."

ఉచ్చారణ అమెరికాదే. కానీ ఆ సాగదీత, ఆ మాట చివర పైకి లేచే తీరు నేను వీడియోలో విన్నవే. గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. తిరిగి చూస్తే పాప, భుజాన బ్యాగుతో. పాప వెనక గుమ్మంలో మా ఆయన, ఆయనా ఆగిపోయి ఉన్నాడు.

"గట్ల చూస్తరేంది ఇద్దరు?" అని నవ్వింది పాప.

కంచం పెట్టాను. తింటున్నంతసేపూ ఏదో చెబుతూనే ఉంది. మా ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "మల్ల? మీ ఆంటీ ఏం జెప్పింది?" అన్నాడు. ఇన్నేళ్లలో నాతో ఆయన ఎప్పుడూ ఆ మాటతీరులో మాట్లాడలేదు. ఆయనకు అది వచ్చని తెలుసు, నా కోసం మానేశాడని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది. ఇద్దరూ గలగలా మాట్లాడుకుంటున్నారు. కొన్ని మాటలు నాకు అర్థం కాలేదు. అడగకుండా, వింటూ, ఇంకాస్త పప్పు వడ్డించాను.